స్విఫ్ట్‌కి స్ట్రట్ బార్, లోయర్ బ్రేస్‌లు వేయిస్తే పెర్ఫార్మెన్స్ పెరుగుతుందా?

తమ్ముడు అడిగింది ఇదీ: 2018 స్విఫ్ట్ పెట్రోల్ వీఎక్స్ఐ, 62 వేల కిలోమీటర్లు తిరిగింది, ఉండేది హైదరాబాద్, నెలకోసారి శ్రీశైలం ఘాట్ ఎక్కుతాడు. ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 దాటితే కారు తేలినట్టు ఉంటుందట. ఒక మోడిఫికేషన్ షాపులో ముందు స్ట్రట్ బార్, కింద లోయర్ బార్, వెనక స్ట్రట్ బార్, ఫెండర్ల లోపల బ్రేస్‌లు (ఇవన్నీ బాడీ మెలి తిరగకుండా బిగించే కడ్డీలే), అన్నీ కలిపి 36 వేలు చెప్పి, "పెర్ఫార్మెన్స్ 30 శాతం పెరుగుతుంది సార్" అన్నారట. ఇది నిజమేనా, వేయించాలా అని ప్రశ్న.

ఒక్క ముక్కలో చెప్తా: నీ కారుకి, నువ్వు తిప్పే తిరుగుడికి, ఆ ప్యాకేజీ వద్దు. పికప్ పెరగదు, మైలేజ్ పెరగదు, బ్రేకులు ఇంకా బాగా పడవు. మలుపుల్లో స్టీరింగ్ ఫీల్ కొంచెం మారొచ్చు, అదీ ముందు బార్ ఒక్కదాని వల్ల, ఆ బార్ సరైనదైతేనే. కారు తేలడం అనేది మాత్రం వేరే జబ్బు, దానికి మందు బ్రేస్ కాదు, కిందకి వస్తే చెప్తా.

నేను విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్, అలైన్‌మెంట్ పని 22 ఏళ్ళుగా చేస్తున్నా. మధ్యలో ఒక నాలుగేళ్ళు రేసింగ్ పిచ్చి ఉన్న ఫ్రెండ్ మారుతి ఎస్టీమ్ కారు వెంట చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి, ఆటోక్రాస్ పోటీలకి తిరిగా, కాబట్టి ఈ బార్లు అమ్మేవాళ్ళ మాటా తెలుసు, వేసుకున్నాక ఏమవుతుందో కూడా తెలుసు. నేను కూడా కొన్ని వేశాను, డబ్బులు తీసుకుని మరీ వేశాను, అబద్ధం ఎందుకు.

అసలు ఈ బ్రేస్ ఏం చేయాలని పెడతారో ముందు చూద్దాం. నులక మంచం మీద పరుపు వేసుకుని పడుకున్నావనుకో. పరుపు కార్ స్ప్రింగు, మంచం కార్ బాడీ. నులక వదులైపోయి ఉంటే నువ్వు ఎంత ఖరీదైన పరుపు కొన్నా కింద మంచం కూడా కుంగుతుంది, పరుపు పని పరుపు చేయలేదు. అదే గట్టి చెక్క మంచం అయితే కుంగేదంతా పరుపులోనే కుంగుతుంది. కార్లో కూడా అంతే, బాడీ మెలి తిరగకుండా ఉంటేనే స్ప్రింగులూ షాకబ్జర్లూ వాటి పని అవి చేస్తాయి, చక్రం నిలబడాల్సిన కోణంలో నిలబడుతుంది. కాబట్టి బాడీ గట్టిగా ఉండటం మంచిదే, దీంట్లో వాదన లేదు. అసలు ప్రశ్న ఏంటంటే నీ మంచం ఇప్పటికే గట్టిదైతే దానికి ఇంకో చెక్క కొడితే ఏం ఒరుగుతుంది?

బాడీ గట్టిదనాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు, అంటే బాడీని ఒక డిగ్రీ మెలి తిప్పడానికి ఎంత బలం కావాలి అని. పాత కాలం కార్లలో ఇది కొన్ని వేలల్లో ఉండేది, ఇప్పటి మంచి సెడాన్లలో 20 వేలు దాటడం మామూలే. లెక్క ఈజీగా ఉండటానికి ఇలా అనుకుందాం, సస్పెన్షన్ గట్టిదనం 1 అయితే బాడీ గట్టిదనం 20. రెండూ వరసగా కట్టిన స్ప్రింగుల్లాంటివి కాబట్టి కలిపి వచ్చే గట్టిదనం 20 బై 21, అంటే 0.952. ఇప్పుడు నువ్వు బ్రేస్‌లన్నీ వేసి బాడీని ఏకంగా పది శాతం గట్టి చేశావనుకో, 22 బై 23, అంటే 0.957. ఇంత డబ్బు పెట్టి నీకు వచ్చింది అర శాతం. అదే పాత డొక్కు కారు, బాడీ గట్టిదనం సస్పెన్షన్‌కి 5 రెట్లే ఉందనుకో, దాన్ని 6 చేస్తే 0.833 నుంచి 0.857కి వెళ్తుంది, ఇది చేతికి తెలుస్తుంది. ఇవి నేను అర్థం కావడానికి వేసుకున్న అంకెలు, నీ స్విఫ్ట్‌వి కాదు, కానీ లెక్క నడిచే తీరు ఇదే. గట్టి బాడీని ఇంకా గట్టి చేస్తే లాభం తరిగిపోతూ ఉంటుంది. ఇంకోటి, స్ప్రింగులు గట్టివి వేసిన కారుకి, అంటే ట్రాక్ కారుకి, అదే బాడీ మెత్తగా అనిపిస్తుంది ఎందుకంటే ఆ నిష్పత్తి పడిపోతుంది. అందుకే రేసు కార్లలో బ్రేసింగ్‌కి అర్థం ఉంది, కంపెనీ స్ప్రింగులతో తిరిగే ఇంటి కారుకి అంత లేదు.

ఇప్పుడు స్ట్రట్ బార్ సంగతి, అందరూ ముందు కొనేది అదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

నీ స్విఫ్ట్‌కి ముందు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఫోర్డ్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీద వచ్చింది, 1950ల నుంచి వాడుతున్నారు, చవక, చోటు తక్కువ పడుతుంది, మన దగ్గర చిన్న కార్లన్నిటికీ దాదాపు ఇదే. దీంట్లో చక్రాన్ని కింద లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది, పైన స్ట్రట్ నేరుగా బాడీకి, బానెట్ తీస్తే రెండు పక్కలా కనపడే గుండ్రటి టవర్‌కి బిగించి ఉంటుంది. అంటే మలుపులో చక్రం మీద పడే పక్క బలంలో కొంత ఆ టవర్ తల మీద పడుతుంది. టవర్ ఒక మిల్లీమీటర్ జరిగితే క్యాంబర్ కోణం, అంటే చక్రం పక్కకి వాలే కోణం, అంత మారుతుంది. ఆ రెండు టవర్లనీ ఒక కడ్డీతో కలిపితే కదలవు కదా అన్నది స్ట్రట్ బార్ వెనక ఐడియా.

వినడానికి బాగుంది. కానీ ఒక చిక్కు ఉంది, అమ్మేవాడు ఎవడూ చెప్పనిది. కారు ఎడమకి తిరుగుతోందనుకో, రెండు టైర్ల మీదా రోడ్డు తోసేది ఎడమకే. కింద ఎడమకి తోస్తే స్ట్రట్ పైభాగం కుడికి వాలాలని చూస్తుంది, అంటే రెండు టవర్లూ ఒకే వైపుకి, కుడికి తోయబడతాయి. కుడి పక్క టవర్ మీద ఎక్కువ, ఎడమ పక్క తక్కువ, అంతే తేడా. రెండూ ఒకే వైపుకి వెళ్తుంటే వాటి మధ్య కడ్డీ కడితే ఏం ఆపుతుంది? ఇద్దరు తాగినోళ్ళు భుజాల మీద చేతులేసుకుని నడిచినట్టు, ఇద్దరూ ఒకే పక్కకి తూలితే పట్టుకునేవాడు ఎవడు. బార్ చేసే పనల్లా ఎక్కువ భారం పడిన టవర్ నుంచి కొంచెం తీసి తక్కువ పడిన టవర్‌కి పంచడం. అది పనికిరాదని కాదు, పనికొస్తుంది, కానీ అనుకున్నంత కాదు.

మరి టవర్లు ఎదురెదురుగా కదిలేది ఎప్పుడంటే గుంతలో పడినప్పుడు, స్పీడ్ బ్రేకర్ దూకినప్పుడు. టైరు స్ట్రట్‌కి బయటి పక్కన ఉంటుంది కాబట్టి కింద నుంచి దెబ్బ తగిలితే రెండు టవర్ల తలలూ లోపలికి ఒంగాలని చూస్తాయి. అప్పుడు బార్ నిజంగా అడ్డు నిలబడుతుంది. అందుకే స్ట్రట్ బార్ వేయించుకున్న చాలామంది "మలుపుల్లో సూపర్" అంటారు గానీ నిజానికి వాళ్ళకి తేడా తెలిసేది గతుకుల రోడ్డు మీద, ముందు భాగం కొంచెం దగ్గరకి బిగిసినట్టు, ఒక్క ముక్కలా అనిపిస్తుంది. పనిలో పని ఆ దెబ్బ శబ్దం కూడా లోపలికి కొంచెం ఎక్కువ వస్తుంది, అది చెప్పరు.

మలుపులో రెండు టవర్లూ ఒకే వైపుకి తూలే చిక్కుకి పరిష్కారం మూడు పాయింట్ల బార్, అంటే రెండు టవర్లతో పాటు వెనక ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే రేకు గోడకి) కూడా బిగించేది. త్రిభుజం అయిపోతుంది కదా, త్రిభుజం కదలదు, మన పెంకుటిళ్ళ దూలాల కాలం నుంచి తెలిసిన విషయమే. కానీ ఫైర్‌వాల్ రేకు సన్నగా ఉంటుంది, వెనకాల గట్టి క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) ఉన్న చోటే బిగించాలి, లేకపోతే రేకు డబడబలాడుతుంది. ఇంకో మాట, ఇంజిన్ అడ్డంగా ఉండే చాలా చిన్న కార్లలో టవర్లు వైపర్ కింద ఉండే కౌల్ ప్యానెల్‌కి బాగా దగ్గరగా ఉంటాయి, ఆ ప్యానెలే సగం స్ట్రట్ బార్ పని చేసేస్తుంది. కంపెనీ ఇంజనీర్లు మరీ అంత తెలివి తక్కువోళ్ళేం కాదు.

బార్లలో రకాలు. కొనేటప్పుడు రెండు చివర్లా చూడు. ప్లేటుకీ కడ్డీకీ మధ్య ఒక బోల్టు కీలులా ఉంటే ఆ బార్ నెట్టుడు, లాగుడు మాత్రమే ఆపగలదు, ఒంపు ఆపలేదు. ఒకే ముక్కగా వెల్డింగ్ చేసింది మేలు. ఇక కడ్డీ నిటారుగా ఉండాలి. ఇంజిన్ కవర్ తప్పించడానికి విల్లులా రెండు చోట్ల వంచిన బార్ చూస్తుంటాం, అది బార్ కాదు, స్ప్రింగు. వంగిన దాన్ని నొక్కితే ఇంకా వంగుతుంది, చీపురు పుల్ల కూడా చెప్తుంది ఆ మాట. కస్కో, అల్ట్రా రేసింగ్ లాంటి పేర్లున్న కంపెనీల అసలు సరుకు వేరు, అదే స్టిక్కర్ వేసుకుని వచ్చే పల్చటి అల్యూమినియం పైపు వేరు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన వెల్డరు ఒకాయన రెండు వేలకే స్టీలు బార్ చేసిస్తాడు, నిటారుగా, ఒకే ముక్కగా, రంగు కూడా వేసిస్తాడు. చూడ్డానికి గేటు ముక్కలా ఉంటుంది గానీ, మెరిసే బార్లలో సగానికంటే అదే గట్టిది.

సరే, థియరీ చాలు. నేను స్వయంగా చూసింది చెప్తా.

కొన్నేళ్ళ కిందట నా దగ్గర రెండో జనరేషన్ స్విఫ్ట్ ఉండేది. ఒకాయన తన కారు అమ్మేస్తూ స్ట్రట్ బార్ ఊరికే ఇచ్చి వెళ్ళాడు, సరే చూద్దాం అని బిగించా. మొదటి రోజు నాకు కూడా "అబ్బ, తేడా ఉంది" అనిపించింది. తర్వాత అనుమానం వచ్చింది, బార్ వేశా అని నాకు తెలుసు కాబట్టి అనిపిస్తోందా అని. అప్పుడు షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి, ఆదివారం పొద్దున్నే ఆటోనగర్ రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, బానెట్ వాళ్ళు చూడకుండా నేను బార్ ఒకసారి బిగించి, ఒకసారి ఒక పక్క నట్లు వదిలేసి, ఒక్కొక్కడికీ ఎనిమిది సార్లు కారు ఇచ్చా. ఒకే సర్కిల్ చుట్టూ, ఒకే స్పీడులో. బిగించి ఉందా లేదా చెప్పమన్నా. ఒకడు ఎనిమిదిలో నాలుగు కరెక్ట్, ఇంకొకడు అయిదు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. తర్వాత అదే పరీక్ష వెనక గల్లీలో గుంతల రోడ్డు మీద చేస్తే ఒకడు ఎనిమిదిలో ఏడు కరెక్ట్‌గా చెప్పాడు, "అన్నా, స్టీరింగ్‌లో టకటక ఎక్కువ వస్తే బార్ ఉన్నట్టు" అన్నాడు. వాడు చెప్పింది సౌండు చూసి. అదీ సంగతి. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక కారు, దీన్ని పెద్ద రీసెర్చ్ అనను, కానీ 30 శాతం అనే మాట విన్నప్పుడల్లా ఆ ఆదివారం గుర్తొస్తుంది.

ఇంకో పరీక్ష కూడా చేశా, ఇది నువ్వు కూడా చేయొచ్చు. ఒకదాంట్లో ఒకటి జారే రెండు సన్న పైపులు తీసుకుని రెండు టవర్ల మధ్య కట్టు, ఒక చివర ఒక టవర్‌కి, రెండో చివర రెండో టవర్‌కి. లోపలి పైపు మీద ప్లాస్టిక్ జిప్ ట్యాగ్ (వైర్లు కట్టే పట్టీ) ఒకటి బిగుతుగా వేసి బయటి పైపు అంచుకి ఆనించు. టవర్లు దగ్గరకి జరిగితే ఆ ట్యాగ్‌ని పైపు తోస్తుంది, తిరిగి వచ్చాక ట్యాగ్ ఎంత జరిగిందో స్కేలుతో చూసుకోవడమే. నా స్విఫ్ట్‌లో గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద కావాలని కొట్టి తిప్పితే కూడా ఒక మిల్లీమీటర్‌కి తక్కువే జరిగింది. ఫ్రెండ్ ఎస్టీమ్‌లో, అప్పటికే పదేళ్ళు దాటిన కారు, గట్టి స్ప్రింగులు వేసింది, అందులో మూడు మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఆ కారుకి బార్ వేశాం, తేడా వచ్చింది, ట్యాగే చెప్పింది. టైరు ప్రెజర్ రెండు మూడు పీఎస్ఐ అటూ ఇటూ అయినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుందని కూడా ఆ ట్రాక్ మీదే తెలిసింది, అది వేరే కథ.

మరి ఎవరికి పనికొస్తాయి? పాత కార్లకి, ముఖ్యంగా స్పాట్ వెల్డింగులు వదులైపోయిన వాటికి కొంత. కానీ అక్కడ కూడా ముందు తుప్పు చూడాలి, టవర్ చుట్టూ రేకు తినేసి ఉంటే బార్ వేయడం విరిగిన కాలికి బూటు తొడిగినట్టు. టాప్ లేని కార్లకి బాగా పనికొస్తాయి, పైకప్పు లేకపోతే బాడీ మూత తీసిన అట్టపెట్టెలా మెలి తిరుగుతుంది. మజ్దా వాళ్ళు ఎంఎక్స్-5 అనే అలాంటి కారుకి 1994 మోడల్‌లో 1.8 ఇంజిన్ పెట్టినప్పుడు కింద బ్రేసులు కంపెనీలోనే కలిపారు. ట్రాక్ కార్లకి పనికొస్తాయి, కానీ అక్కడ నిజంగా బాడీని గట్టి చేసేది రోల్ కేజ్ (కారు లోపల బిగించే పైపుల పంజరం), దాని త్రిభుజాల పైపులు, ఆపైన అతుకుల వెంట సీమ్ వెల్డింగ్. స్ట్రట్ బార్ అక్కడ పప్పులో తాలింపు లాంటిది.

స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్ లాంటి లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి ఇనప చట్రం) బండ్లకి స్ట్రట్ బార్ అడిగేవాళ్ళు కూడా వస్తుంటారు. వాటిల్లో సస్పెన్షన్ ఫ్రేమ్‌కి ఉంటుంది, బాడీ రబ్బరు మౌంటింగుల మీద విడిగా కూర్చుంటుంది, బానెట్ కింద కడ్డీ పెడితే చూసేవాళ్ళకి తప్ప బండికి తెలీదు.

యమహా వాళ్ళు ఇంకో దారిలో పోయారు, అది నాకు నచ్చిన ఐడియా. బాడీని గట్టి చేయడం కాకుండా, కడ్డీలో చిన్న షాకబ్జర్ లాంటిది పెట్టి బాడీలో వచ్చే సన్న వణుకుని మింగేస్తారు, పెర్ఫార్మెన్స్ డాంపర్ అంటారు, 2001లో టయోటా క్రౌన్‌లో ఒక వెర్షన్‌కి మొదటిసారి వచ్చింది. దాన్ని తయారుచేసేవాళ్ళు కూడా గట్టిదనం పెరుగుతుంది అనరు, నడక నున్నగా ఉంటుంది అంటారు. మన దగ్గర దొరకడం కష్టం, దొరికినా ధర చూస్తే గుండె జారుతుంది, వదిలేద్దాం.

ఇప్పుడు నీ ప్యాకేజీలో మిగతావి.

వెనక స్ట్రట్ బార్: నీ కారుకి వెనక ఉన్నది టార్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం. మలుపులో వచ్చే పక్క బలమంతా బీమ్ ముందు చివర్లలో ఉన్న రెండు బుష్‌ల (రబ్బరు కీళ్ళ) ద్వారా బాడీకి వెళ్తుంది, షాకబ్జర్ తలకాయల ద్వారా కాదు. ఆ తలకాయల మధ్య కడ్డీ కడితే దానికి ఆపాల్సిన పని పెద్దగా లేదు. ఎస్టీమ్‌కి వెనక కూడా స్ట్రట్‌లే కాబట్టి దానికి కొంత అర్థం ఉండేది. నీకు డిక్కీలో సామాను పెట్టుకోడానికి అడ్డం తప్ప ఏమీ రాదు.

ఫెండర్ బ్రేస్: తలుపు కీళ్ళ దగ్గర ఫెండర్ లోపల బిగిస్తారు. గుద్దినప్పుడు ముందు భాగం ఎలా ముడుచుకోవాలో, ఎంతసేపట్లో ముడుచుకోవాలో కంపెనీ వాళ్ళు లెక్కేసి డిజైన్ చేస్తారు, ఎయిర్‌బ్యాగ్ టైమింగ్ కూడా దాన్ని బట్టే. ఆ దారిలో మనం ఒక గట్టి ముక్క పెడితే ఆ లెక్క ఏమవుతుందో చెప్పేవాడు లేడు. నా మటుకు నేను ఇంటి కారుకి అది వేయను, ఎవరు అడిగినా వేయను.

లోయర్ బార్: దీని గురించి కొంచెం కోపంగానే చెప్తా. పని పరంగా చూస్తే స్ట్రట్ బార్ కన్నా దీనికి అర్థం ఎక్కువే, ఎందుకంటే పక్క బలంలో పెద్ద వాటా లోయర్ ఆర్మ్ ద్వారానే వెళ్తుంది. కానీ చాలా కార్లలో రెండు ఆర్ముల మధ్య ఇప్పటికే ఒక గట్టి సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బిగించే చిన్న చట్రం) ఉంటుంది, అది కంపెనీ వేసిన లోయర్ బారే. పైగా నీ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., ఖాళీగా ఉన్నప్పుడు. బార్ ఒక 25 మి.మీ. తింటుంది. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే ఇంకో 30, 40 దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేట్టు. మన ఊళ్ళలో ఉన్నవి చూశావుగా, రాత్రికి రాత్రి ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న సిమెంటు దిమ్మెలు. రెండేళ్ళ కిందట గుంటూరు దగ్గర పల్లెటూరి నుంచి ఒక హ్యాచ్‌బ్యాక్ టోయింగ్‌లో వచ్చింది, లోయర్ బార్ దిమ్మెకి తగులుకుని, బార్ వంగలేదు, చాలా గట్టి బార్, అది బిగించిన సబ్‌ఫ్రేమ్ బోల్టు రంధ్రాన్నే చించేసింది. ఆరు వేల బార్ కోసం సబ్‌ఫ్రేమ్ మార్చాల్సి వచ్చింది. ఆ అబ్బాయి మొహం ఇంకా గుర్తుంది, నాన్న కారు అది.

ఆ షాపుల కేటలాగుల్లోనే వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగడం, అంటే రోల్, తగ్గించే కడ్డీ) కూడా ఉంటుంది, టార్షన్ బీమ్‌కి కింద బిగించేది. అది బ్రేస్ కాదు, దాన్ని దీంతో కలపొద్దు. అది నిజంగా కారు నడకని మారుస్తుంది, వెనక రోల్ గట్టిదనం పెరిగి ముందు టైర్లు మలుపులో బయటికి జారడం తగ్గుతుంది, మొదటి మలుపులోనే తెలుస్తుంది. కానీ వర్షంలో ఘాట్ దిగుతూ భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పక్కకి తిరిగే అవకాశం కూడా పెరుగుతుంది. శ్రీశైలం రోడ్డు మీద ఫ్యామిలీతో వెళ్ళేవాడికి నేను వేయను.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. స్ట్రట్ బార్ చూసి ట్రాఫిక్ పోలీసు బానెట్ తీయించిన సందర్భం నేను చూడలేదు. కానీ యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు బానెట్ తీస్తాడు, కిందా చూస్తాడు. బోల్టుతో తీసేసేది వేరు, వెల్డింగ్ చేసింది వేరు, అది గుర్తుంచుకో.

ఇక నీ కారు ఎందుకు తేలుతోంది. ఇది రాస్తుంటేనే నవ్వొస్తోంది, ఎందుకంటే ఇదే కంప్లైంటుతో, ఇలాంటి బార్లు అప్పటికే వేయించుకుని మరీ నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది. 62 వేలు తిరిగింది అన్నావు. ముందు టైరు ప్రెజర్ చూడు, పెట్రోల్ బంకులో కుర్రాడు "ఎంత పెట్టమంటారు" అంటే చాలామంది 35, 40 అనేస్తారు, డ్రైవర్ డోర్ తీస్తే ఉండే స్టిక్కర్ మీద రాసి ఉన్నదే పెట్టించు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఎక్కువ గాలి పెడితే కారు బంతిలా ఎగురుతుంది, దాన్నే జనం తేలడం అంటారు. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, మన రోడ్ల మీద 60 వేలకి అవి చిట్లిపోయి ఉండటం మామూలు, కారు జాకీ ఎత్తి రాడ్‌తో ఆర్మ్‌ని కదిపి చూస్తే తెలిసిపోతుంది. షాకబ్జర్ల నూనె కారుతోందేమో చూడు. ఇవన్నీ సరిచేశాకే అలైన్‌మెంట్, ముందు కాదు. బుష్ చిట్లిన కారుకి అలైన్‌మెంట్ చేయించడం కారే బకెట్‌లో నీళ్ళు కొలిచినట్టు. పోయిన నెలే ఒకాయన 40 వేలు పెట్టి బ్రేసులన్నీ వేయించుకున్నా 90 దగ్గర స్టీరింగ్ నిలవట్లేదని వచ్చాడు, బుష్‌లు మార్చి, గాలి సరిచేసి, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) సెట్ చేసి పంపించా, మొత్తం బిల్లు అయిదు వేల లోపే. బ్రేసులు అలాగే ఉంచుకున్నాడు, తీయించడానికి మనసొప్పలేదు పాపం.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలి చేతులు దురద పెడుతుంటే టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు మార్చు. నీది వీఎక్స్ఐ కాబట్టి 165/80 ఆర్14 టైర్లు ఉంటాయి. అదే స్విఫ్ట్‌లో పై వేరియంట్‌కి కంపెనీ 185/65 ఆర్15 ఇచ్చింది. రెండింటి మొత్తం వ్యాసం తీస్తే తేడా రెండు మిల్లీమీటర్లే, ఒకటి 620 దగ్గర, ఇంకోటి 622 దగ్గర, కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించదు. వెడల్పు 20 మి.మీ. ఎక్కువ, పక్క గోడ ఎత్తు తక్కువ, అంటే స్టీరింగ్ తిప్పితే టైరు వంకర పోవడం తగ్గుతుంది. నువ్వు బ్రేస్‌లో వెతుక్కుంటున్న ఆ బిగువు అసలు ఉన్నది టైరు పక్క గోడలో. స్టీరింగ్ ఒక్క పిసరు బరువెక్కుతుంది, మైలేజ్ కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇంత చెప్పినా బానెట్ తీస్తే ఎర్ర బార్ కనపడాలి అనుకుంటే, తప్పేం లేదు, షోకు షోకే, నేనూ ఆ వయసులో స్టీరింగ్‌కి ముఖమల్ కవర్ వేశా. ముందు బార్ ఒక్కటే కొను. నిటారుగా, ఒకే ముక్కగా ఉన్నది. బిగించేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద సమంగా నేల మీద ఉండాలి, జాకీ మీద ఉన్నప్పుడు బిగిస్తే టవర్లు ఉండాల్సిన చోట కాకుండా తప్పు చోట బంధించినట్టవుతుంది. టవర్ మీద నట్లు టార్క్ రెంచ్‌తో బిగించమను, చేతి బలంతో కాదు. బార్‌కీ బానెట్‌కీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉందో లేదో మైనం ముద్ద పెట్టి బానెట్ మూసి చూసుకో.

కానీ అంతకన్నా ముందు ఆ రెండు పైపులు, జిప్ ట్యాగ్ పరీక్ష చేయి. వంద రూపాయలు కూడా అవదు. శ్రీశైలం ఒకసారి వెళ్ళి వచ్చి ట్యాగ్ ఎంత జరిగిందో ఇక్కడే రాయి, రెండు మిల్లీమీటర్లు దాటితే బార్ నేనే దగ్గరుండి బిగిస్తా, దాటకపోతే ఆ 36 వేలు నీ జేబులోనే ఉంచుకో.